గాలి నిండిన పంచరు

మా లాండ్రీలో ఆయన్ని అందరం గాలి బాబాయ్ అంటాం. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అందరి సైకిళ్లకీ పంపుతో గాలి కొడతాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన చెప్పుకుంటాడు. అసలు కారణం ఆయన నోరు తెరిచినప్పుడల్లా మాకు తెలుస్తూనే ఉంటుంది. ఆయనది ఇస్త్రీ సెక్షను. ఆయన భార్యని మేమంతా పిన్ని అంటాం, ఆవిడ చిరిగిన దుప్పట్లు కుడుతుంది. నేను వ్యాన్ నడుపుతాను. హోటళ్ల నుంచి దుప్పట్ల మూటలు తేవడం, ఉతికాక మళ్లీ ఇచ్చి రావడం నా పని.

ఆ రోజు పొద్దుటి టీకి ఎదురుగా ఉన్న కొట్టు బల్లల మీద కూర్చున్నాం. మడతల సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి టీ ముట్టుకోలేదు. మోచెయ్యి గీరుకుపోయింది. హ్యాండిల్ పక్కకి తిరిగిపోయిన ఆమె సైకిల్ గోడకి ఆనించి ఉంది. వంతెన దిగుతూ పడిందట. భర్తకి పని పోయింది, ఇంట్లో ఇద్దరు పిల్లలు. మా షిఫ్టు వేళకి ఇటువైపు బస్సు ఉండదు. అందుకని ఈ మధ్యే సైకిల్ నేర్చుకుంది.

"రేపట్నుంచి రానని సూపర్‌వైజర్‌కి చెప్పేస్తాను," అంది.

"ఇంత చిన్న దెబ్బకేనా?" అన్నాను.

"దెబ్బకి కాదన్నా. బస్టాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు."

గాలి బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టి మోకాళ్ల మీద చేతులు ఆనించుకున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే ఇక ఇస్త్రీపెట్టెలు చల్లారిపోయినా లేవడు.

"వంతెనంటే గుర్తొచ్చింది. నేను ఈ లాండ్రీలో చేరిన మొదటిరోజు ఆ వంతెన మీద నుంచే వచ్చాను. ఎదురుగాలి. అలాంటిలాంటి గాలి కాదమ్మాయ్, నుదుటి మీద జుట్టు వెనక్కి పోయి ఇప్పటికీ ముందుకి రాలేదు చూడు," అని బట్టతల నిమురుకున్నాడు. "నా ముందు ఒక పెద్ద బస్సు, పాపం, పైకెక్కలేక ఆయాసపడుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, తమ్ముడూ, కాస్త ముందుకెళ్లి ఈ గాలికి అడ్డం ఉంటావా, లోపల అందరికీ పనికి వేళవుతోంది అన్నాడు. ఒకరి కష్టం చూసి మనం ఊరుకోలేం కదా, సరే అని ముందుకెళ్లి తొక్కాను. నా వీపు చాటున ఆ బస్సు హాయిగా వంతెనెక్కేసింది."

"నీ వీపు చాటున బస్సా బాబాయ్?" అన్నాను. ఆయన పక్కకి తిరిగితే చొక్కా ఒక్కటే దండెం మీద ఆరేసినట్టుంటుంది.

"అప్పుడు వెడల్పుగా ఉండేవాణ్ణిలే. ఇస్త్రీ వేడికి ఇలా ముడుచుకున్నాను. మధ్యలో మాట్లాడకు, నాకు దారి తప్పుతుంది. ఆ, అలా బస్సుని పైకెక్కించానా, అప్పుడేం జరిగి ఉంటుందనుకున్నారు? ఠప్పుమని చైను తెగింది!"

"అయ్యో," అంది టీకొట్టు అక్క, చక్కెర కలుపుతూ, తల ఎత్తకుండానే.

"ఇంకొకడైతే దిగిపోయేవాడు. నేను దిగలేదు. చైను లేకపోతేనేం, కాళ్లున్నాయి కదా అని అలాగే తొక్కుతూ కూర్చున్నా. నేనంత కష్టపడుతుంటే తను ఊరికే నిలబడటానికి సైకిల్‌కే మొహమాటమేసింది. మెల్లగా కదిలింది. కదిలిందా, ఇక వంతెన దిగుడు! ఆ వేగం చెప్తే మీరు నమ్మరు, అందుకే సగమే చెప్తున్నాను. నా నీడ నాతో రాలేక వంతెన మీదే ఉండిపోయింది. అది మధ్యాహ్నానికి వచ్చి చేరుకుంది. ఆ వేగానికి ముందు చక్రం ఊడిపోయి, నాకంటే ముందు దొర్లుకుంటూ పోయి, ఈ మలుపు తిరిగి, మన గేటు ముందు బుద్ధిగా నిలబడింది. వాచ్‌మన్ దానికి హాజరు కూడా వేశాడు."

అందరం నవ్వాం. కొత్తమ్మాయి కూడా నవ్వుతుందేమోనని ఓరగా చూశాను. ఆమె మోచేతి మీద మట్టి దులుపుకుంటోంది.

బాబాయ్ కూడా అటు చూశాడు. చూసి ఇంకాస్త గొంతు పెంచాడు.

"మరి నేనెలా వచ్చాననుకున్నారు, ఒక్క చక్రంతోనా? కాదు. దారిలో దుప్పట్ల మూటొకటి పడి ఉంది. మన వ్యాన్లోంచి జారింది."

"నా వ్యాన్లోంచి ఏదీ జారదు," అన్నాను.

"అప్పటికి నువ్వింకా ఉయ్యాల్లోంచి జారుతున్నావులేరా. మన సొత్తు రోడ్డు పాలు చేస్తామా? వెళ్తూ వెళ్తూనే అందుకుని వెనక కట్టుకున్నా. ముడి వదులైంది. గాలి దూరింది. దుప్పట్లన్నీ ఒక్కసారిగా విచ్చుకుని, ఇంతంత తెరచాపలై, ఫెళఫెళమని ఎగిరాయి. వాటితో సైకిల్, సైకిల్‌తో నేను. కింద నదిలో పడవవాళ్లు తలెత్తి చూస్తున్నారు. ఒకాయన అడిగాడు, ఏం బాబూ, ఎక్కడికి అని. పనికండీ, మొదటిరోజు అన్నాను. జాగ్రత్త నాయనా అన్నాడు. మంచివాడు. ఇంకాస్త పైకి పోతే మా ఇంటి డాబా కనబడింది. మా అమ్మ బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి కంగారుపడుతుందేమో అనుకున్నా. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, 'ఒరే, డబ్బా మర్చిపోయావు' అని అన్నం డబ్బా పైకి విసిరింది. పట్టుకున్నా. ఇంకా వేడిగా ఉంది. ఆవిడ అలా చూస్తూ నిలబడితే ఒక్క నిమిషం దిగిపోదామనిపించింది, నిజం చెప్తున్నా. కానీ మొదటిరోజే ఆలస్యమైతే ఏం బాగుంటుంది?"

"మరి ఎలా దిగావు?"

"దిగడమేంటి! తిన్నగా ఇస్త్రీ సెక్షన్ కిటికీలోంచి లోపలికొచ్చి బల్ల మీద ఆగాను. అప్పటికే దుప్పట్లు ఎండకి ఆరి, గాలికి ఇస్త్రీ అయ్యి, ఎవరి మడతలో అవి ఉన్నాయి. సూపర్‌వైజర్ నన్ను చూసి, ఇక నువ్వు ఈ సెక్షన్లోనే ఉండు అన్నాడు. ఇంత జరిగినా అమ్మాయ్, ఒక్కసారి కూడా పడలేదు నేను. ఆ రోజే కాదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ! పెడల్ మీంచి కాలు కింద పెట్టిన పాపాన పోలేదు. సైకిలంటే అంతే. దాంట్లో ఏముంది?"

ఆయన గ్లాసు తీసుకుని గర్వంగా ఓ గుక్క తాగాడు. కొత్తమ్మాయి లేచి నిలబడింది.

"మీరు ఎగిరారంటే నేను నమ్మను బాబాయ్," అంది. "మీరు నన్ను నవ్వించాలని చెప్తున్నారని తెలుసు. కానీ ఎప్పుడూ పడలేదన్నారు చూడండి, అది నమ్ముతాను. అందరికీ అలాగే వస్తుంది కాబోలు. నాకే చేతకావట్లేదు." ఆమె గేటు వైపు తిరిగింది. "సూపర్‌వైజర్‌తో మాట్లాడి వస్తాను."

బాబాయ్ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. ఆయన అలా తెల్లబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. మింగి, ఏదో అనబోయి, మా మొహాలు చూశాడు. మాకు మాత్రం ఏం తెలుసు?

"కూర్చోవే తల్లీ," అంది పిన్ని.

అప్పటిదాకా ఆవిడ బల్ల చివర కూర్చుని బన్ను టీలో ముంచుకుని తింటోంది.

"ఈయన మొదటిరోజు వంతెన మీద కనబడ్డమాట నిజమే. నేను చూశాను. అప్పటికే ఇక్కడ పనిచేస్తున్నా, రోజూ అటునుంచే సైకిల్ మీద వచ్చేదాన్ని. ఈయన తొక్కట్లేదు, నడిపించుకుంటూ వస్తున్నాడు. ఏమైందండీ అని అడిగితే పంచరు అన్నాడు. మర్నాడూ నడిపించుకుంటూనే. పంచరు. ఆ మర్నాడూ పంచరే. దారిలో మేకులన్నీ ఈయన కోసమే మొలుస్తున్నాయా అని, ఒకరోజు ఈయన లోపలికి పోగానే వెళ్లి టైరు నొక్కి చూశా. రాయిలా ఉంది."

మేమంతా ఒక్కసారిగా గోల పెట్టాం. టీకొట్టు అక్క గరిటె వదిలేసి నడుం పట్టుకుని నవ్వింది.

"నొక్కి చూశావా?" అన్నాడు బాబాయ్. "ఎప్పుడు? నాతో ఎప్పుడూ అనలేదే!"

"వాళ్లన్నయ్య ఇచ్చిన సైకిలు," అంది పిన్ని, ఆయన్ని పట్టించుకోకుండా. "తొక్కడం రాదని ఆయనకీ చెప్పలేదు, మాకూ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ లోపల ఉన్నప్పుడు వెనక దొడ్లోకి తీసుకెళ్లి ఒక్కడే నేర్చుకునేవాడు. మా కుట్టు సెక్షన్ కిటికీ అటే ఉంటుంది. ఎక్కడం, పడటం. ఎక్కడం, పడటం. మొదట్లో గోడ దాకా కూడా పోయేవాడు కాదు."

"ఎన్నిసార్లు పడ్డారు?" అని అడిగింది కొత్తమ్మాయి. ఇంకా నిలబడే ఉంది.

"లెక్కపెడదామనుకునేదాన్ని. నవ్వొచ్చి మధ్యలో తప్పిపోయేది."

"నవ్వారా?"

"నవ్వకుండా ఎలా ఉంటానే? ఒకరోజు నీళ్ల తొట్టిలో పడి, లేచి, చుట్టూ చూసి, మొహం కడుక్కోవడానికే వచ్చినట్టు కడుక్కున్నాడు. నేను కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. ఆ మర్నాడు గోడకి మోకాలు కొట్టుకుని కుంటుతూ లోపలికొచ్చాడు. అప్పుడు నవ్వు రాలేదు. అన్నాల బెల్లు కొట్టగానే ముందెళ్లి దుప్పట్ల మూటలు ఈడ్చుకొచ్చి గోడ పొడుగునా పడేశాను. ఈయన తొక్కడం వచ్చేదాకా రోజూ అదే పని. పడేయడం, మళ్లీ లోపలికి మోసుకుపోవడం. మూటలు మోస్తూ కూడా నవ్వేదాన్ని. నవ్వినవాళ్లంతా నీకు కానివాళ్లు కారు తల్లీ."

గాలి బాబాయ్ పిన్ని వైపే చూస్తున్నాడు.

"ఆ మూటలు వ్యాన్‌వాళ్లు దించి పోయారనుకున్నాను," అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

"అనుకుంటారులెండి. ఆకాశంలో ఉన్నారు కదా, కింద ఏం జరుగుతుందో మీకేం కనబడుతుంది?"

"మరి వంతెన మీద రోజూ సైకిల్ దిగి నాతో నడిచేదానివి కదా? నేను పంచరంటే నమ్ముతున్నావనుకున్నా."

"నమ్మట్లేదని చెప్తే మర్నాడు ఇంకో దారిన పోయేవారు," అంది పిన్ని, మిగిలిన బన్ను ఆయన చేతిలో పెడుతూ. "తినండి. బెల్లు కొడతారు."

ఆయన తిన్నాడు. ఆ పూటకి ఆయన నోట ఇంకో మాట రాలేదు. లాండ్రీలో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్తమ్మాయి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. బెల్లు కొట్టాక ఎటు పోతుందా అని చూశాను. సూపర్‌వైజర్ గది దాటి మడతల సెక్షన్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నేను వ్యాన్ తెచ్చేసరికి వెనక దొడ్లో గాలి బాబాయ్ ఆమె సైకిల్ ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్ సరిచేస్తున్నాడు. పిన్ని కుట్టు సెక్షన్ కిటికీలో అన్నం డబ్బా పెట్టుకుని తింటూ చూస్తోంది. నేను మూటలు లోపలికి మోయకుండా గోడ పక్కనే దించాను. ఎవరూ చెప్పలేదు, ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

అమ్మాయి ఎక్కింది. బాబాయ్ వెనక పట్టుకుని పరుగెత్తాడు. "చూపు దూరంగా పెట్టు, చక్రం వైపు చూడకు, నేను పట్టుకునే ఉన్నా" అని అరుస్తూనే వదిలేశాడు. సైకిల్ కొంతదూరం తిన్నగా పోయింది. తర్వాత అటూ ఇటూ ఊగి, సరిగ్గా మూటల మీదకి పోయి ఆమెని తలకిందులుగా పడేసింది.

బాబాయ్ ఆగిపోయాడు. నేను నవ్వు బిగబట్టుకున్నాను. కిటికీలో పిన్ని కూడా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

దుప్పట్ల మధ్యలోంచి ముందు కాళ్లు కదిలాయి, తర్వాత చెదిరిన జుట్టుతో తల పైకి వచ్చింది. ఆ అమ్మాయి మా ముగ్గురి మొహాలూ మార్చిమార్చి చూసింది. మాలో ఎవరం నోరు తెరవకముందే, అందరికంటే ముందు తనే పగలబడి నవ్వింది.