బ్లాస్టింగా, ఉరుమా?

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు గనికి ఆనుకుని ఉన్న కాలనీ. సదయ్య పిడుగుపాటుకు పోయి పదకొండు నెలలు. ఆ పిడుగును ఫోటో తీసిన తాబిష్, ఇన్నాళ్లూ ఆ గుమ్మం వైపు కన్నెత్తి చూడనివాడు, ఇవాళ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. సదయ్య భార్య యమున అతన్ని మర్యాదగానే కూర్చోబెట్టింది గానీ, కలం మాత్రం ముట్టుకోవడం లేదు.

"ఈ దిక్కు కూసో తాబిష్. ఆ చెవు నాకు ఇనవడది."

"అయ్యో, నీగ్గూడనా వదినా? సదయ్యన్నకే అనుకున్న."

"ఆయనయి బ్లాస్టింగ్ల పోయినయి. ఇరవై ఎనిమిదేండ్లు మందు పేల్చి పేల్చి. నాది ఆయన చెయ్యి తాకి పోయింది. పెండ్లైన రెండో ఏడు."

"జర సంతకం పెడితే నేను పోత వదినా. ఫోటోల పోటీకి పంపుడు ఐదు గంటలకు బంద్ అయితది. ఇప్పుడు మూడున్నర."

"పెడత. ఫోటో సూడనియ్యవా?"

"సూడు, సూడు. ఇగో, పెద్దగ తీయించిన."

"అబ్బో. మబ్బు మంచిగనే వచ్చింది."

"మంచిగనా! ఇసొంటి మెరుపు ఏడేండ్లల గీ ఒక్కటే దొరికింది వదినా. సూడు, పైన ఒక్కటే తీగ, కిందికి వచ్చేసరికి తొమ్మిది పాయలు. పెండ్లి ఫోటోలు, పాస్‌పోర్ట్ ఫోటోలు ఎవడన్న తీస్తడు. ఎండాకాలం గాలిదుమారం లేసిందంటే సాలు, ఇంట్ల నా పెండ్లాం యాస్మీన్ తిడుతనే ఉంటది, నేను షాపు మూసి ఉరుకుతనే ఉంట. మంథని దాక పోయిన, కాసిపేట దాక పోయిన. ఆఖరికి దొరికింది ఈడ, మన గని మట్టిగుట్ట మీద."

"నల్లగ చీమ లెక్క ఉన్నది, ఏంది గిది?"

"అది... అన్న."

"ఇంత చిన్నగనా? మనిషి దొడ్డుగ ఉండె గద."

"మనిషి చిన్నగుంటెనే మబ్బు పెద్దగ కొడ్తది వదినా. గదే కొలత. వట్టి మెరుపును ఎవ్వడు సూడడు. కింద ఒక్క మనిషి ఉంటే ఫోటోకు పానం వస్తది."

"ఆయనది పోయి దానికొచ్చింది."

"గట్లనకు వదినా."

"అన్నతందుకు ఏమైతది? ఇది గెలిస్తే నీకేమొస్తది?"

"తుఫాను తీయనీకి తీస్కపోతరు. సముద్రం ఒడ్డుకు. మబ్బు కమ్మిన కాడికెల్లి ఒడ్డు దాటేదాక వారం రోజులు. దేశం మీది పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లు ఇరవై మంది, అండ్ల నేనొకన్ని. మన దిక్కుకెల్లి ఎవ్వడు పోలే. గీ కాగితం లేకుంటే ఫోటో పక్కకు పెడ్తరట. ఫోటోల ఉన్న మనిషి ఒప్పుకోవాలె. ఆ మనిషి లేకుంటే భార్య ఒప్పుకోవాలె."

"అంటే నువ్వు పోవుడు నా చేతుల ఉన్నది."

"నీ చేతులనే ఉన్నది వదినా."

"అయితే అడిగినదానికి చెప్పు. మోకాళ్ల నొప్పులని గడప దాటనీకె మూలిగేటోడు గా గుట్ట ఎట్ల ఎక్కిండు?"

"గట్లనే నడుస్త పోతుండె వదినా. నేను సలాం కొట్టిన. ఆయన..."

"తాబిష్."

"...నేనే ఎక్కుమన్న. పేపర్ల వస్తవ్ అన్నా అన్న. గొడుగు గూడ నాదే."

"నువ్వేడున్నవ్?"

"కార్ల."

"కార్లనా?"

"కార్ల ఉన్నోన్ని పిడుగు ఏం చెయ్యది వదినా. అద్దం జరంత దించి, కెమెరా బయటికి పెట్టి..."

"నీకు గంత ఎరుక. ఆయనకు మాత్రం గొడుగిచ్చి గుట్ట మీద నిలవెట్టినవ్."

"వాన శురువైంది, తడుస్తడని..."

"మంచోనివి. తడవనియ్యలే."

"ఖుదా కసం వదినా, ఆడ పడ్తదనుకోలే. అప్పటిదాక కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీల దిక్కు మెరుస్తుండె. నాలుగు మైళ్లుంటది. ఒక్కపాలి నెత్తి మీదికొచ్చింది."

"బాధ పడ్డడా?"

"లేదు వదినా. ఒక్క దెబ్బకే పోయిండు. నేను ఉరికేసరికే పానం లేదు."

"ఒక్క దెబ్బనేనా."

"ఒక్కటే. గదొక్కటి మనసుల పెట్టుకో."

"పెట్టుకున్న. ఆయన చెవుల సంగతి నీకు ఎరుకేనా?"

"ఎవ్వరికి ఎరుక లేదు? దుమ్మన్నదంటే పక్కోని భుజం మీద చరిచి అడుగుతుండె, బ్లాస్టింగా, ఉరుమా అని. చాయ్ హోటల్ల పోరగాండ్లు ఆటవట్టిచ్చేటోళ్లు. ఉరిమితే బ్లాస్టింగ్ అనేది, బ్లాస్టింగైతే ఉరుమనేది."

"కాళ్లకు తెలుస్తది గానీ చెవులకు తెల్వది అనేటోడు. మూడు గంటలు గొట్టంగ బ్లాస్టింగ్ అయితే గూట్లె గిన్నెలు గలగలమంటయి, ఉరిమినా గట్లనే అంటయి. ఆ రోజు గా టైముకే ఉరిమింది గద?"

"గా టైముకే."

"నిన్నడిగిండా?"

"నన్నా? అడగలే."

"అడగకుంట ఉండడు. నిద్రలకెల్లి లేసి నన్నడిగేటోడు."

"నేను కార్ల ఉన్న, ఆయన పైన ఉండె, ఎట్లడుగుతడు వదినా..."

"కలానికి మూత పెట్టుకో. కాగితం మడత పెట్టుకో. పో."

"అరే, ఆగు వదినా, ఆగు ఆగు. అడిగిండు. దిగొచ్చి అడిగిండు. కారు కాడికొచ్చి అద్దంల తల పెట్టి..."

"దిగిండా?"

"దిగిండు."

"దిగినోడు మల్ల ఎట్ల ఎక్కిండు?"

"అదే... ఆయనే..."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే. నాకేమెరుక అన్నా అన్న. గంతే."

"ఉరుముల ఎంబడి ఊర్లు తిరిగేటోనివి, అది ఉరుమని నీకు ఎరుక లేదు?"

"ఉన్నది."

"ఎరుక ఉండి చెప్పలే."

"ఆ మబ్బు సూసినంక నిజం చెప్పబుద్ధి కాలే వదినా. ఏడేండ్లు! ఇంకో రెండు నిమిషాలు నిలవడ్తె సాలనుకున్న. తప్పే. నీ కాళ్లు మొక్కుత."

"నా కాళ్లు నాకుండనీ. ఆడికెల్లి ఆయన ఎవరికన్న ఫోన్ చేసిండా?"

"ఫోనా?"

"ఆ. ఫోన్."

"ఏమో వదినా. కెమెరల కన్ను పెట్టి ఉన్న. సూడలే."

"సూడలే?"

"సూడలే."

"సరే. ఇగ ఇను. లోపల మా అత్త ఉన్నది, సారవ్వ. ఆయన్ను కన్నది. పదకొండు నెలలాయె, నా చేతి బువ్వ ముడుతలేదు. ఎనభై ఏండ్ల ముసల్ది, చేతులు వణుక్కుంట వేరే పొయ్యి పెట్టుకున్నది. ఆయన ఆఖరుకు ఫోన్ చేసింది నాకేనట. బ్లాస్టింగే అని నేనే చెప్పిన్నట, నేనే చంపిన్నట. కులపోళ్లల్ల చెప్పింది, బోరింగు కాడ చెప్పింది. గాలి సప్పుడు తప్ప ఏం ఇనవడలే అత్తా అంటే నమ్మది. నేను పోతుంటే ఆడోళ్లు మాటలు బంద్ చేస్తున్నరు."

"దానికి నేనేం చెయ్యాలె?"

"ఆమె ముంగట చెప్పు. సదయ్య నన్నడిగిండు, బ్లాస్టింగే అని నేనే చెప్పిన, నేనే మల్ల ఎక్కిచ్చిన అని."

"నేను గట్ల అనలే గద వదినా! ఎరుక లేదన్న, గంతే..."

"రెంటికి ఎంత దూరం తాబిష్?"

"నా పేరు ఖరాబైతది. రేపు ముసల్ది బజారుకెక్కితే నా షాపు మెట్లు ఎవడన్న ఎక్కుతడా?"

"పెండ్లామే సంతకం పెట్టిన కాగితం నీ సంచిల ఉన్నంక నిన్ను ఎవడేమంటడు? టైమెంతైంది?"

"నాలుగు దాటింది."

"ఇంక గంట లేదు."

"...పిలువు."

"అత్తా! ఓ అత్తా! జర ఇటు రా."

"ఎందుకే? నీ చాయ్ నాకొద్దు."

"చాయ్ కాదత్తా. గీ పిలగాడు నీ కొడుకు ఫోటో తీసినోడు. నీకో ముచ్చట చెప్తడట."

"ఏం ముచ్చట కొడుకా?"

"అవ్వా... ఆ రోజు సదయ్యన్న గుట్ట దిగి నా కాడికొచ్చిండు."

"దిగిండా? నా కొడుకు దిగిండా?"

"దిగిండు. బ్లాస్టింగా, ఉరుమా అని అడిగిండు. నేను... బ్లాస్టింగే అన్న. భయం లేదు, ఎక్కు అన్న."

"ఎందుకన్నవ్?"

"ఫోటో కొరకు అవ్వా."

"ఫోటో కొరకా. దేవుని మీద ప్రమాణం జేస్తవా?"

"...నిజమే అవ్వా. నేనే అన్న."

"నీకు పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డ. జూహీ."

"నా కొడుకు మీద వడ్డ పిడుగు నీ బిడ్డ మీద వడ. నువ్వు కండ్లార సూడ. అప్పుడు తీసుకో ఫోటో."

"అవ్వా, నన్ను తిట్టు. పోరి ఏం చేసింది..."

"నా కొడుకేం చేసిండురా నిన్ను? నా బంగారమసొంటి కొడుకు! నీ నీడ నా గడపల పడొద్దు. యమునా!"

"ఏందత్తా?"

"నోటికొచ్చినట్టు తిట్టుకుంట తిరిగిన బిడ్డా నిన్ను. ఊరంత చెప్పుకున్న. నా నోట్ల మన్నువడ. కడుపుల పెట్టుకోకు."

"పెద్దదానివి. నువ్వంటవ్, నేను వడ్త. గంతే గదత్తా."

"ఇయ్యాల నీ చేతి బువ్వ తింట. మెత్తగ వండు, పండ్లు లేవు నాకు."

"వండుత. నువ్వు పోయి పీట మీద కూసో, నేనొస్త."

"జల్ది రా బిడ్డా. పొద్దుగాలకెల్లి ఏం తినలే."

"వస్తన్న. ...ఏడ పెట్టాలె తాబిష్?"

"ఈడ. ఇంకోటి కింద. తారీఖు గూడ."

"ఇగో. అయిపోయింది. పో, నీ తుఫాను కాడికి పో."

"పోత. ఒక్క ముచ్చట చెప్పి పోత వదినా. నన్నేమన్న వడేటోన్ని. ముసల్ది నా బిడ్డను తిట్టింది. నువ్వు సప్పుడు చేయక సూసినవ్."

"మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే చెప్త. నాకెరుక లేదన్నంక అన్న ఫోన్ తీసిండు. యమునకు తెలుస్తది, ఆమె నాతోని అబద్ధమాడది అన్నడు. స్పీకర్ పెట్టిండు. నా అద్దం కాడనే నిలవడి."

"సూడలేదంటివి?"

"సూడలే. ఇన్న. బ్లాస్టింగే, ఈడ వాన లేదు ఏం లేదు, మంచిగ దిగు ఫోటో అన్నవ్. నువ్వు గా మాట అంటుంటెనే మీ రేకుల మీద వాన దంచుతుంది, ఫోన్ల ఇనవడుతుంది. ఉరుము గూడ ఇనవడ్డది వదినా. ఆయనకు ఇనవడలే, నాకు ఇనవడ్డది. నవ్వుకుంట ఎక్కిండు."

"అంతా ఇన్నవా?"

"అంతా ఇన్న."

"నేను అబద్ధమాడుతున్నని అప్పుడే ఎరుకైందా నీకు?"

"అప్పుడే ఎరుకైంది."

"నాకు ఆయన మీద ముప్పై ఏండ్ల పగ ఉండె తాబిష్. నీకేముండె?"