కొల్లేటి గాలి

ఏలూరు నుంచి బయలుదేరిన పడవ కొల్లేటి మధ్య మెల్లగా సాగుతోంది. సాయంకాలపు ఎండకి నీళ్లు తళతళలాడుతున్నాయి. భార్య ఒడిలో తలపెట్టుకుని పడుకున్న భర్త కళ్లు తెరిచాడు.

“నిద్రపోయానా?”

“అవునండీ. ఒళ్లు వాల్చి నిద్రపోయారు. ఇంట్లో తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చునేవారు కదా!”

“దగ్గలేదూ?”

“ఒక్కసారి కూడా లేదు.”

“కిటికీలకి తడిగుడ్డలు కట్టావు. మిల్లులో ముక్కుకి కండువా చుట్టుకోమన్నావు. అయినా ఆ ఊక దుమ్ము నన్ను వదల్లేదు. ఇక్కడేమో గాలి మంచినీళ్లలా లోపలికి దిగుతోంది.”

“ఆసుపత్రిలో దొరసాని డాక్టరమ్మ చెప్పారుగా, ఆ దుమ్ము మీకు పడదని. ఇంక మిల్లుకి వెళ్లకండి. మా అన్నయ్య చేపలు పట్టే పనిలో పెట్టుకుంటానన్నాడు.”

“నాకు వల వెయ్యడం రాదే.”

“నేర్చుకుందురుగాని. నేనూ నేర్చుకుంటాను.”

“సరే అయితే. ఇంతకీ మీ అన్నయ్యగారి ఊరు ఇంకా రాలేదేం?”

“మధ్యాహ్నమే దాటిపోయామండీ. పడవాయన రేవుకి తిప్పబోతే నేనే వద్దన్నాను.”

“అదేం?”

“ఆగితే మిమ్మల్ని లేపాలి కదండీ.”