ఆర్డిత్ నది దాటిన తేదీ

నా పేరు డార్విన్ హుక్‌స్ట్రా. వయసు డెబ్బై రెండు. అయోవాలో, సూ సిటీ బడుల్లో ముప్పై నాలుగేళ్లు గదులు వెచ్చబెట్టే బాయిలర్లు చూసి రిటైరయ్యాను. ప్రస్తుతం ఉండేది నది అవతల, సౌత్ డకోటా రాష్ట్రం, నార్త్ సూ సిటీలో. అయోవా పన్ను విచారణాధికారి మిసెస్ టోరెస్ గారి ఎదుట 2009 అక్టోబరు 6, ఉదయం పది గంటల పది నిమిషాలకు ఇది చెబుతున్నాను.

నిరుడు మేము ఇల్లు మారాం. మోకాళ్లు పట్టేసి, మెట్లు లేని ఇల్లు కావాలన్నది నేనే. అవతలి రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదు. ఆ సంగతి తెలియదని బుకాయించను. మా అక్క కొడుకు కర్టిస్ పన్ను కాగితం నింపాడు. నేనూ నా భార్య ఆర్డితూ ఇద్దరం 2008 మే 7న అయోవా వదిలామని రాశాడు. ఆ రోజు నుంచి మా పింఛన్ల మీద ఇక్కడ పన్ను ఉండదు. సంతకం నేను పెట్టాను. అప్పటికి ఆర్డిత్ లేదు.

మే 7, బుధవారం, ఉదయం తొమ్మిదింటికి నా మంచం ట్రక్కులో వేసుకుని వంతెన దాటాను. ఆర్డిత్ పాత ఇంట్లో ఆగింది. "నువ్వు పద. పెరట్లో బఠాణీలు కోసుకుని వస్తా" అంది. బఠాణీల తరవాత చిక్కుళ్లన్నది. చిక్కుళ్ల తరవాత టమాటాలన్నది. మీరడిగిన పాత ఇంటి కరెంటు బిల్లు అందుకే వచ్చింది.

రోజూ పన్నెండింటికి భోజనానికి అక్కడికే వెళ్లేవాణ్ణి. పది నిమిషాల దారి. పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అరిచేది. "ఏవయ్యా డకోటా దొరగారూ, బూట్లు బయట! మీ రాష్ట్రం మట్టి నా వంటింట్లోకి తేకు." బన్నులో పొడిపొడిగా వేయించిన కైమా, పైన ఆవాల ముద్ద. అంత రుచి మళ్లీ నా నోటికి తగల్లేదు. తిన్నాక అడిగేవాణ్ణి, "ఇవాళ ఏం పట్టుకెళ్లను?" అని.

జులై 13, ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారి కొత్త ఇంటికి వచ్చింది. వెలుతురు బాగుందంది. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, "ఇక నన్ను ఇంటికి దింపు" అంది. కారు రేడియోలో బేస్‌బాల్ వింటూ నేను ఆ మాట పట్టించుకోలేదు.

సెప్టెంబరు 19న, పాత ఇంట్లోనే, టమాటాలు సీసాల్లో నిలవ పెడుతూ పడిపోయింది. గుండె.

నిన్న కర్టిస్ ఫోన్ చేశాడు. "మావయ్యా, అత్త కూడా మే నెల్లోనే వచ్చేసిందని చెప్పు. కాదనడానికి అత్త వస్తుందా ఏంటి?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఆమె ఇల్లు ఏ రాష్ట్రంలోదో తేల్చడానికి ఇందాక మీరు అడిగారు, ఆమెకు ప్రాణమైన వస్తువులు ఏ రోజున నది దాటాయని. చెప్పబోయి ఆగాను. ఆమె నాకిచ్చి పంపినవి మా అక్క పెట్టిన దీపం, నడుం పట్టేసే కుర్చీ, తనకు ఎన్నడూ నచ్చని పళ్లేలు. కుట్టు పెట్టె ఇవ్వలేదు. వాళ్లమ్మ మూకుడు ఇవ్వలేదు. వంటల చీటీల డబ్బా ఇవ్వలేదు. వారానికి మూడుసార్లు మోశాను, నవ్వుకుంటూ మోశాను. రానని ఆమె ఒక్కనాడూ అనలేదు. వస్తావా అని నేనూ అడగలేదు.

నా తేదీ మే 7 అలాగే ఉంచండి. ఆర్డిత్ పేరు ఎదుట ఉన్న తేదీ కొట్టేయండి. ఆమె వాటా పన్ను కడతాను. ఆమె అయోవా వదల్లేదు. నేను వదిలింది ఆమెను. ఆ సంగతి ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

ఇది నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నదంతా నిజం. ఇలా చెప్పమని నాకెవరూ నేర్పలేదు.

(సంతకం) డార్విన్ హుక్‌స్ట్రా