పొగ పెట్టేదెవరు?

డ్రెస్డెన్‌లో కొడుకింటికి కొత్తగా వచ్చిన అత్తగారికి, కోడలు ఫోన్‌లో స్నేహితురాలితో అంటున్న మాటలు చెవినపడ్డాయి.

"మా కమీన్ పొద్దున లేస్తే పొగ పెడుతది. కడుపునిండ వెయ్యకపోతే అలుగుతది."

"పిల్లా! నన్ను కమీనా అని తిడతవా? పెట్టె సర్దుకుంటున్న!"

"అయ్యో, మిమ్మల్ని కాదత్తమ్మా! జర్మన్‌ల కమీన్ అంటే హాల్‌ల ఉన్న కట్టెల పొయ్యి. ఇల్లు వెచ్చగుంచేది అదే."

"అదా! పొయ్యి కింద గాలి తలుపు మూసేసినవ్ గదనే. ఊపిరాడనియ్యకుంటే ఎవరైనా పొగే పెడుతరు. జరుగు!"

అత్తగారు ఆ తలుపు తెరవగానే పొగ పోయి మంట లేచింది. అత్తగారి మొహం అంతకంటే వెలిగింది.

"ఆ ఫోన్ స్పీకర్‌ల పెట్టు. వినమ్మా! ఈ ఇంట్ల పొగ పెట్టింది పొయ్యి, మాన్పించింది అత్త!"