పొడుగు లెన్సు

ఎండిపోయిన చెట్టు మీది గద్దగూటిలో పిల్ల ఉందని రేపటిలోగా ఫొటో తెచ్చి చూపించకపోతే, చెట్టు నరికేస్తామని అధికారి తేల్చి చెప్పాడు. అక్క ఫొటోలు తీసే తమ్ముడింటికి తిన్నగా వచ్చి, బల్ల మీది రెండు లెన్సులనూ మార్చి మార్చి చూసింది.

“ఈ పొట్టిది పట్టుకెళ్లక్కా. తేలిక.”

“దీంతో ఎంత దగ్గరికెళ్లాలిరా?”

“చెట్టు కిందికే.”

“తల్లి ఎగిరిపోదూ?”

“పోతే మంచిదేగా! పిల్ల చక్కగా కనిపిస్తుంది.”

“ఇంత ఎండలో ఆ పిల్లకి తల్లి రెక్కే గొడుగు. కాపాడ్డానికెళ్లి గొడుగు లాగేసుకోమంటావా? ఆ పొడుగుది ఇలా ఇయ్యి.”

“మోయలేవక్కా. పైగా తల్లి కదలకపోతే నీకు దొరికేది దాని తోకే.”

“ఆకలేస్తే పిల్లే తలెత్తుతుంది. దేవుడు ఆకలి ఊరికే పెట్టాడంటావా?”

“ఏమో! పొద్దుగూకేదాకా ఎత్తకపోతే?”

“పొద్దుగూకేదాకా కూర్చుంటా.”

“అంత బరువు పట్టుకునే?”

“నేనెందుకు పట్టుకుంటానురా? నువ్వున్నావుగా!”

తమ్ముడు ఏదో గొణుక్కుంటూ పొట్టి లెన్సును పెట్టెలో పెట్టేసి, మూడుకాళ్ల స్టాండు కోసం మంచం కిందికి దూరాడు.