ఎవరు అని అడగకూడదు

అధ్యక్షత వహిస్తున్న పురపాలక సభ్యురాలు ఊల్ల-బ్రిట్ గారికీ, మన వృద్ధాశ్రమం అధికారి హెల్గెకీ, ఆకుపచ్చ కేకు మీదే కళ్ళు పెట్టి నా మాటలు వింటున్నట్టు నటిస్తున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఈరోజు సొల్వేగ్ పదవీ విరమణ. ఇన్నేళ్ళూ పెద్దవాళ్ళ పక్కలు మేమిద్దరమే సర్దాం కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. పొగడమన్నారు. పొగుడుతాను గానీ, అందులో కాస్త కడుపుమంట కూడా కలుస్తుంది, ఏమనుకోకండి.

గడియల సంగతి మీ అందరికీ తెలుసు. మనుషులు చాలక, మతిమరుపు పెద్దల గదులకు రాత్రిళ్ళు బయటినుంచి గడియ పెట్టేవాళ్ళం. ఎవరో పత్రికకు చెప్పారు, పేపర్లో వచ్చింది, గడియలు ఊడాయి. మర్నాడు కాఫీ వేళ హెల్గె కందగడ్డలా ఎర్రబడ్డ ముఖంతో వచ్చి "అసలు ఎవరు..." అని నోరు తెరిచాడు. పత్రికకు చెప్పిందెవరని పైఅధికారి ఆరా తీస్తే మన స్వీడన్‌లో ఆ అడగడమే నేరం. పాపం, గుటక వేసి, "ఎవరు... ఎవరికింకా దాల్చినచెక్క బన్ను కావాలి?" అన్నాడు. (నవ్వులు) సొల్వేగ్ ఒక్కతే పకపకా నవ్వి, "నాకు రెండు" అంది.

అంతే! చెప్పింది తనేనని అందరూ ఖాయం చేసేసుకున్నారు. పెద్దల పిల్లలు పూలు తెచ్చింది తనకే. హెల్గె మూతి ముడుచుకున్నదీ తనని చూసే. ఆ మూతిముడుపు కూడా న్యాయంగా ఇంకొకరికి దక్కాల్సింది! తను ఔననలేదు, కాదనలేదు. ఒకసారి ఉండబట్టలేక, "కాదని చెప్పొచ్చుగా?" అన్నాను. "కాదంటే ఇంకొకళ్ళని అనుమానిస్తారే మాయ్‌లిస్. నేనెలాగూ త్వరలో రిటైరై ఇంటికెళ్ళేదాన్ని" అంది.

ఆ మాటకు నాకు కన్నీళ్ళు రావాలి. రాలేదు, ఒళ్ళు మండింది. పేరూ తనకే, మంచితనమూ తనకేనా?

అడగకూడదని పైవాళ్ళకు చట్టం. మర్యాద పేరుతో మీరూ అడగడం మానేశారు. "నేనే" అని తనంతట తాను చెప్పుకోవడం మన ఊళ్ళో సిగ్గుచేటాయె. ఇక నిజంగా చెప్పిన ఆ మనిషి గతేం కావాలి?

సొల్వేగ్, రేపటినుంచి నీకు తీరికే. మా ఇంటికి రా. కాఫీ పెడతాను, బన్నులూ చేస్తాను. కూర్చుని, "మాయ్‌లిస్, ఎవరే?" అని ఒక్కసారి అడుగు, చాలు.

హెల్గె, నువ్వు మాత్రం అడక్కు, కేకు తిను. ఓపిగ్గా విన్నందుకు అందరికీ ధన్యవాదాలు. సెలవు.