ఆదెమ్మ వెతుక్కోవలసిన తప్పు

నా ఈ వీడ్కోలు సభను నడిపిస్తున్న ప్రిన్సిపాల్ మాధవీలత గారికి, వేదిక మీది పెద్దలకు, నాతో ఇన్నేళ్లు ఒకే ల్యాబ్‌లో వేగిన మంజునాథ్‌కు, ధర్మవరం నుంచీ హిందూపురం నుంచీ పనులు మానుకుని పెనుకొండ దాకా వచ్చిన నా పాత విద్యార్థులకు నమస్కారం.

శాలువా కప్పారు, దండ వేశారు, చాలా పొగిడారు. నేనింత మంచివాణ్నని మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. (నవ్వులు) ప్రోగ్రామింగూ వెబ్‌సైట్లూ నేర్పేటప్పుడు పిల్లల కీబోర్డు ముట్టుకోకుండా, వాళ్ల చేతులతోనే చేయించే మాస్టారని మేడమ్ అన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతానని మీరు నాకొక పేరు పెట్టారనీ తెలుసు. పెట్టినవాడు మూడో వరసలో తల దించుకున్నాడు, పర్వాలేదులే శివకృష్ణా. (నవ్వులు) కానీ నేను మొదటి నుంచీ అలాంటివాణ్ని కాదు.

తొమ్మిదేళ్ల కిందట తలుపుల అనే ఊరి నుంచి ఆదెమ్మ అనే అమ్మాయి చేరింది. వాళ్ల నాయనకు గొర్రెలున్నాయి. గొర్రెలకు సూదులేసే డాక్టరు ఏ ఊరికి ఏ రోజు వస్తాడో చూపించే వెబ్‌సైటు చేస్తానని, మూడు నెలలు కూర్చుని ఒక్కో లైనూ తానే రాసుకుంది. తీరా ప్రాజెక్టుల ప్రదర్శన పోటీ రోజున, అతిథులు మెట్లెక్కి వస్తుండగా, ఊరి పేరు నొక్కితే తేదీ రావడం లేదు. "ఉండండి సార్, యాడో తప్పుండాది, నేనే చూసుకుంటా" అంటూనే ఉంది. నేను "లెయ్యమ్మా" అని ఆమెను లేపి ఆ కుర్చీలో కూర్చున్నాను. రెండు నిమిషాల్లో దొరికింది. వాళ్ల ఊరి పేరునే ఒకచోట ఒకలా, ఇంకోచోట ఒక అక్షరం మార్చి రాసింది. సరిచేశాను. మొదటి బహుమతి వచ్చింది.

పేరు పిలిస్తే ఆదెమ్మ వేదిక ఎక్కలేదు. "అది మీరు చేసింది సార్. నాది పని చెయ్యల్యా" అంది. మళ్లీ ల్యాబ్‌కు రాలేదు, ఎర్రమంచిలో ఫ్యాక్టరీ పనికి చేరిపోయింది. అప్పటి నుంచే నా చేతులు వెనక్కి పోయాయి. ఆమెకు సాయం చేశానని కొన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ కుర్చీలో కూర్చున్నది అతిథుల ముందు నా పరువు పోకూడదని. ఈ ముక్క నలుగురిలో ఒప్పుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టినందుకు సిగ్గుగా ఉంది.

ఈ రోజు ఆదెమ్మ వచ్చింది, నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. అదిగో, వెనక తలుపు దగ్గర నిలబడింది. అమ్మా, ఆ తప్పు వెతుక్కోవలసింది నువ్వు. ఆ పని నీ చేతుల్లోంచి లాక్కున్నాను, నన్ను క్షమించు. సోమవారం నుంచి మంజునాథ్ సార్ ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం సాయంత్రం క్లాసు మొదలుపెడుతున్నాడు. నిన్ను పిలిచే ముఖం నాకు లేదు, అయినా పిలుస్తున్నాను. వస్తావా?

(వెనక నుంచి ఆదెమ్మ: "వస్తా సార్. మీరు మాత్రం ఆ పక్కకి రాకండి.")

(సభలో నవ్వులు)

రానమ్మా. అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.